ఘాటీలో ఆగిపోయే బండి

నేను సాలూరు మిషను ఆస్పత్రిలో నర్సుగా చేరేనాటికి మాకు పెళ్లయి ఏడాది దాటింది. మావారు అక్కడి మిషను బడిలో లెక్కల మాస్టారు. ఇద్దరం మైదానంలో పుట్టి పెరిగినవాళ్లమే. ఊరికి పడమటి దిక్కున నీలంగా కనిపించే కొండలు చూడ్డానికి బాగుండేవి, అంతే. వాటి మీదికి మేం వెళ్లే రోజు వస్తుందని అనుకోలేదు. జర్మనీ యుద్ధం ముగిసి కొన్నేళ్లయిన రోజులవి. రైలు సాలూరుతో ఆఖరు. అక్కణ్ణించి పైకి, సుంకి మీదుగా పొట్టంగి వైపు ఘాటీ రోడ్డు పోయేది. దాని మీద ఎడ్లబళ్లూ, సంతకు పోయే కావళ్లూ, ఎప్పుడైనా గుర్రమ్మీద ఒక సర్కారు అధికారీ కనిపించేవారు.

ఆస్పత్రంటే పెద్ద కట్టడమేం కాదు. ఒక పెంకుటిల్లు, మంచాలు వేసిన పొడుగాటి గది, మందుల కొట్టు, వెనక వంటపాక. డాక్టరుగారు వేరే ఊరి నుంచి నెలకోసారి వచ్చి చూసి పోయేవారు. మిగతా రోజుల్లో పురుళ్లు, పుళ్లు, చలిజ్వరాలు అన్నీ నా చేతి మీదుగానే జరిగేవి. కొండల మీది జనం కూడా వచ్చేవారు గానీ బాగా ముదిరాక వచ్చేవారు. డోలీ కట్టుకుని మోసుకొచ్చేసరికి చాలాసార్లు చెయ్యడానికి ఏమీ మిగిలేది కాదు. వాళ్లు దిగి రాలేకపోతే మనమే ఎక్కి వెళ్దామని మా పాదిరి దొరగారు అన్నారు. కొండ మీద సంత జరిగే ఒక ఊళ్లో వారానికో రోజు మందులివ్వాలని ఆయన ఆలోచన.

ఎడ్లబండిలో అయితే ఆ ఊరు వెళ్లిరావడానికి వారంలో సగం పోతుంది. దొరగారు మద్రాసు వెళ్లినప్పుడు, యుద్ధంలో వాడి అమ్మేసిన ఒక మోటారు సైకిలు కొని రైల్లో పంపించారు. దానికి పక్కన తొట్టిలాంటి సైడుకారు. స్టేషన్లో పెట్టె చెక్కలు ఊడదీస్తుంటే సగం ఊరు చుట్టూ నిలబడింది. దొరగారే మావారికి తొక్కడం నేర్పారు. మా ఇద్దరి పెళ్లినాడు కూడా మావారి ముఖంలో అంత సంతోషం నేను చూడలేదని ఎగతాళి చేసేదాన్ని. బండితో పాటు వచ్చిన ఇంగ్లీషు పుస్తకాన్ని నిఘంటువు పక్కన పెట్టుకుని చదివారు. ఏ భాగం ఏం చేస్తుందో నాకు బల్ల మీద సుద్దముక్కతో గీసి చూపించేవారు.

మొదటి వేసవి బండి గుర్రంలా నడిచింది. కాళ్ల మధ్య మందుల పెట్టె పెట్టుకుని, తలకు గుడ్డ కట్టుకుని నేను సైడుకారులో కూర్చునేదాన్ని. సంతలో ఉప్పూ గుడ్డలూ అమ్ముకునే మైదానపు షావుకారొకాయన తన కొట్టు అరుగు మాకిచ్చాడు. పసుపూ పిప్పళ్లూ వలిసె గింజలూ తట్టలకెత్తుకుని అరకు లోయ వైపు నుంచి కూడా జనం నడిచి వచ్చేవారు. మొదట్లో మా బండి చప్పుడు వింటే పిల్లలు పరుగెత్తి దాక్కునేవారు. తర్వాత ఆ చప్పుడు వినే ఆడవాళ్లు చంటిపిల్లల్ని చంకనేసుకుని అరుగు ముందు చేరేవారు. నన్ను మందులమ్మ అనేవారు.

ఆ ఏడు వానలు పోయాక మొదలైంది జబ్బు.

ఘాటీలో సగం పైన ఒక మలుపు తిరుగుతుంటే ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. మావారు దిగి, పెట్రోలు చూశారు. ఉంది. ప్లగ్గు విప్పి చూశారు. మసి పట్టి ఉంటే తుడిచి మళ్లీ బిగించారు. కిక్కు కొడితే లేచింది.

"ప్లగ్గులో మసేనే, మరేటీ నేదు," అన్నారు నవ్వుతూ.

తర్వాతి వారం కొత్త ప్లగ్గు వేసుకుని బయల్దేరాం. మళ్లీ ఆగింది. ఈసారి ఇంకొంచెం కింద. కొత్త ప్లగ్గు శుభ్రంగా ఉంది. అయినా విప్పారు, చూశారు, బిగించారు. లేచింది. ఆ వారం సంత నుంచి దిగి వచ్చేటప్పుడు ఒక్కసారి కూడా ఆగలేదు. మరుసటి వారం అసలు ఆగనే లేదు. జబ్బు దానంతటదే పోయిందనుకున్నాం. ఆ పైవారం మూడుచోట్ల ఆగింది.

ఇంజనుకు కరెంటు ఇచ్చేది మాగ్నెటో అనే చిన్న ఇనప డబ్బా. ఇంజను తిరిగితే దాని లోపలి తీగచుట్ట తిరుగుతుంది. ఆ తిప్పుడులోనే కరెంటు పుట్టి, లావుపాటి తీగ గుండా ప్లగ్గుకు వచ్చి, దాని మొన దగ్గర నిప్పురవ్వగా రాలుతుంది. రవ్వ రాలితే పెట్రోలు మండుతుంది. ఇంతే కథ. ఆ రవ్వ ఎక్కడో ఆగిపోతోందని మావారికి అర్థమైంది. ఎక్కడ అన్నదే తేలలేదు.

ప్లగ్గు విప్పి ఇంజను ఇనుముకు ఆనించి పెట్టి కిక్కు కొడితే రవ్వ కనిపించాలి. ఘాటీలో మిట్టమధ్యాహ్నపు ఎండలో అది కనిపించదు. అందుకని నేను కొంగు పరిచి నీడ పట్టి, తల దూర్చి చూసేదాన్ని. ఆయన కిక్కు కొట్టేవారు.

"కనబడతందా?"

"ఆఁ, ఉంది. నీలంగా."

"సరిగ్గా సూడు."

"ఉందండీ బాబూ. నా ముక్కు కాలేలా ఉంది."

ఒకసారి తీగకు చెయ్యి తగిలి భుజం దాకా జల్లుమంది. అంత కరెంటు ఉంది. అయితే బండి ఎందుకు ఆగిందో? ప్లగ్గు బిగిస్తే లేచేది. మేం వెతకడం మొదలుపెట్టేసరికి రోగం పారిపోయేది. అప్పట్లో మాకు ఆ సంగతి తట్టలేదు. ప్లగ్గు విప్పడం, కొంగు పట్టడం, చూడడం, ఇంత సేపట్లో ఇంజను చల్లారిపోతోందని ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు.

ఆయన ఒక్కో భాగం మార్చుకుంటూ పోయారు. లావుపాటి తీగ కొత్తది వేశారు. మాగ్నెటోలో తాకుతూ విడిపోతూ ఉండే రెండు చిన్న మొనలుంటాయి. వాటిని సండే స్కూల్లో పిల్లలకిచ్చే బొమ్మ కార్డు మధ్యలో దూర్చి తుడిచారు. ఇంజను ఆపే మీట నుంచి వచ్చే సన్నని తీగ ఎక్కడైనా ఒరుసుకుని ఇనుముకు తగులుతోందేమోనని దాన్ని ఊడబీకేశారు. ఏది చేసినా ఒక ప్రయాణం బాగా జరిగేది. సాయంత్రం ఇంటికొచ్చి చేతులు కడుక్కుంటూ "దొరికిందే" అనేవారు. తర్వాతి వారం మళ్లీ ఏదో మలుపులో కూర్చునేవాళ్లం. పక్కనుంచి కావళ్లు మోసుకుంటూ పోయే కొండజనం మమ్మల్ని దాటి పైకి వెళ్లిపోయేవారు. ఒక ముసలాయన ఆగి, చుట్ట తీసి, బండిని అటూ ఇటూ చూశాడు.

"ఏటి బాబూ, సచ్చిపోనాదా?"

"లేదు తాతా. లేస్తాది."

"లేత్తే మంచిదే," అని ఆయన నడిచిపోయాడు.

మేం ఆలస్యంగా చేరితే అరుగు ముందు జనం కొంతమంది వెళ్లిపోయి ఉండేవారు. వాళ్లకు ఇళ్లు చేరాలంటే ఎండ ఉండగానే కొండలు దాటాలి. పోనుపోను వచ్చేవాళ్లు తగ్గారు.

మావారు వెళ్లి దొరగారితో చెప్పారు. దొరగారు మంచివారే. మా భాష గ్రంథాల్లోంచి నేర్చుకున్నారు గనక ఎప్పుడూ ప్రార్థన చేస్తున్నట్టే మాట్లాడేవారు. బండిని తాను చూస్తానన్నారు. మర్నాడు పొద్దున ఎక్కి బొబ్బిలి దాకా వెళ్లి వచ్చారు. ఎక్కడా ఆగలేదట. ఆ వారమంతా మక్కువ వైపూ, రామభద్రపురం వైపూ తిప్పారు. అప్పుడూ ఆగలేదు.

"ఇది చక్కగా నడచుచున్నదే," అన్నారు.

"ఘాటీలోనే ఆగుతుందండీ. అదీ అన్నిసార్లూ కాదు."

"ఏ దినమున ఆగును? ఏ స్థలమున?"

ఒకే చోట ఆగదు, ఒకే వేళకు ఆగదు. లెక్కల మాస్టారుకు అంతకంటే అవమానం ఉండదు. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉన్నారు, తినలేదు.

కొన్నాళ్లకు దొరగారు నన్ను మందుల కొట్లో ఒంటరిగా ఉన్నప్పుడు అడిగారు. "అమ్మా, మీ భర్త కొండజ్వరమునకు భయపడుచున్నాడా? ఆయన అటుల చెప్పిన నేను కోపింపను." మెల్లగానే అడిగారు. ఆ మెల్లదనమే నాకు ఎక్కువ కష్టమనిపించింది. నేను పక్కనే ఉన్నాను గదండీ, నా కళ్లతో చూశాను అన్నాను. తల ఊపారు. భార్య అలాగే అంటుంది అనుకున్నట్టు ఉంది ఆ ఊపు.

అయినా న్యాయంగానే చేశారు. మాగ్నెటోను విప్పించి, గుడ్డలో చుట్టి, పెట్టెలో పెట్టి రైల్లో పట్నంలోని ఒక కార్ఖానాకు పంపారు. చాలా వారాలు మేం కొండెక్కలేదు. అది తిరిగొచ్చింది. బాగా శుభ్రం చేశారు, మెరుస్తోంది. బల్ల మీద పెట్టి తిప్పి చూశామనీ, రవ్వ బలంగా ఉందనీ, దోషమేమీ లేదనీ చెప్పి పంపారు. దొరగారు ఆ సంగతి మావారితో చెప్పేటప్పుడు మామూలు గొంతుతోనే చెప్పారు. అప్పట్నుంచి బండి సంగతి మావారు ఆయన దగ్గర ఎత్తలేదు.

బండి అలాగే ఆగుతూ లేస్తూ ఉండగానే మేం మళ్లీ సంతకు పోసాగాం. ఆ రోజుల్లో అక్కడికి ఒక జాతాపు తెగ పడుచు వచ్చేది. ముందు పుట్టిన ఇద్దరు బిడ్డలూ దక్కలేదు. మళ్లీ నెలలు నిండుతున్నాయి. మొగుడు పసుపు తట్ట దించి అమ్ముకుంటుంటే ఆమె వచ్చి నా పక్కన అరుగు మీద చతికిలబడేది. మందేమీ అడిగేది కాదు. వచ్చినవాళ్లకు నేను కట్టు కట్టడం, గొంతులో మందు పుయ్యడం చూస్తూ కూర్చునేది. నవ్వితే చిగుళ్లన్నీ కనిపించేవి. పొట్ట మీద చెయ్యి వేసి చూశాను. బిడ్డ అడ్డంగా ఉంది. తిప్పడానికి ప్రయత్నించాను, తిరిగింది గానీ నాకు నమ్మకం కలగలేదు.

"సాలూరు వచ్చేయి. కాన్పయ్యేదాకా ఆస్పత్రిలోనే ఉందువు గాని."

"సోడి కోతలమ్మా. ఎలాగొత్తాను?"

మొగుడి వైపు తిరిగి చెప్పాను. "నొప్పులు రాగానే నా దగ్గరకు రా. ఆలోచించకు. పరిగెత్తుకుని రా."

"వత్తాను," అన్నాడు.

అతను వచ్చాడు. మరుసటి ఏడు వానలు వెనకబట్టి ఎండ మళ్లీ మండుతున్న రోజులు. తెల్లవారి ఆస్పత్రి తలుపు తీసేసరికి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. రాత్రంతా దిగి వచ్చాడు. కాళ్లు దుమ్ముతో మోకాళ్ల దాకా ఎర్రగా ఉన్నాయి.

"నిన్న పొద్దున్నుంచి నొప్పులమ్మా. సెయ్యి బయిటకొచ్చినాది. బేగి రా."

చెయ్యి బయటికి వచ్చిందంటే బిడ్డ మళ్లీ అడ్డం తిరిగింది. నేను సంచీ సర్దుతుండగానే మావారు బండి బయటికి తీశారు. ఎడ్లబండి కట్టిస్తే రేపటికి గాని చేరం. నడిస్తే సాయంత్రానికి చేరతాం. బండి నడిస్తే పొద్దెక్కకుండానే ఘాటీ పైన ఉంటాం. ముగ్గురం ఎక్కాం. అతను మావారి వెనక కూర్చుని ఆయన చొక్కా గట్టిగా పట్టుకున్నాడు. జీవితంలో మొదటిసారి ఎక్కాడు. కళ్లు మూసుకున్నాడు.

ఘాటీ మొదట్లో బాగానే లాగింది. మొదటి పెద్ద మలుపుల దగ్గర చల్లటి గాలి తగిలింది. ఈ వేళకి ఆగదు, దేవుడు చూస్తాడు అనుకున్నాను. కాస్త పైకి పోయాక ఇంజను దగ్గింది. మావారి భుజాలు బిగుసుకోవడం నాకు కనిపించింది. ఇంకోసారి దగ్గి ఆగిపోయింది.

ప్లగ్గు విప్పారు. నేను కొంగు పట్టాను. రవ్వ ఉంది. బిగించారు. లేచింది. ఎక్కాం. కొంతదూరం పోయి మళ్లీ ఆగింది. ఈసారి లేవడానికి ఇంకా ఎక్కువసేపు పట్టింది.

"నడిసెల్లిపోదాం అమ్మా," అన్నాడతను.

"లేస్తాది. ఇంకొక్కసారి," అన్నారు మావారు.

లేచింది కూడా. ఆ బండి ఒక్కసారి పూర్తిగా చచ్చిపోయి ఉంటే మేం మొదటి మలుపులోనే దాన్ని వదిలేసి నడిచిపోయేవాళ్లం. చావలేదు. మేం దిగి నడవబోయే సమయానికి లేచేది. లేచిన బండిని వదిలి ఎవరు నడుస్తారు? ఎక్కేవాళ్లం. ఇంకో రెండు మలుపులు. మళ్లీ అదే. ఎండ నెత్తిమీదికొచ్చింది. ఆయన కిక్కు కొట్టీ కొట్టీ మడమ చర్మం లేచిపోయింది. అతను రోడ్డు అంచున గొంతుకూర్చుని మా ఇద్దరి వైపూ కాకుండా పైన కొండ వైపు చూస్తూ ఉన్నాడు.

చివరికి నేను సంచీ భుజాన వేసుకున్నాను.

"మేం నడుస్తాం. మీరు బండి లేస్తే వచ్చేయండి."

ఆయన తల ఎత్తకుండానే ఊఁ అన్నారు.

మేమిద్దరం అడ్డదారిన పడ్డాం. అతను ముందు, నేను వెనక. ఊపిరి అందడంలేదు నాకు. చాలా పైకి ఎక్కి మళ్లీ రోడ్డు మీదికి వచ్చేసరికి కింద ఎక్కడో చప్పుడు వినిపించింది. టపటపమంటూ దగ్గరకొచ్చింది. అతను మొదటిసారి నవ్వాడు. "వత్తన్నాదమ్మా! వత్తన్నాది!" అని రోడ్డు మధ్యలో నిలబడి చేతులూపాడు. ఎక్కాం. మావారి ముఖం నిండా నూనె, చెమట. "ఇప్పుడు ఆగదు," అన్నారు. ఇంకో మలుపు దాటాం. ఆ పైన రోడ్డు బాగా నిటారుగా ఉంటుంది. అక్కడ ఆగిపోయింది.

అతను దిగాడు. బండి వైపు చూడలేదు. నా సంచీ తీసి తన భుజాన వేసుకుని నడక మొదలుపెట్టాడు. నేను వెనక పరిగెత్తాను.

వాళ్ల ఊరు రోడ్డుకు దూరంగా, వాగులాంటి ఒక గెడ్డ దాటి లోపలికి పోవాలి. మేం చేరేసరికి పొద్దు వాలింది. గుడిసె ముందు ఆడవాళ్లు మూగి ఉన్నారు. ఏడుపు లేదు. లోపల పొగ. ఆమె గోడకు ఆనుకుని ఉంది. బతికే ఉంది. ఊళ్లో ముసలమ్మ ఎలాగో బిడ్డను లాగేసింది. బిడ్డ చచ్చిపోయి చాలాసేపయింది. ఆమె కింద పరిచిన గడ్డంతా తడిసిపోయింది. నేను నాకు తెలిసినవన్నీ చేశాను. పొట్ట మర్దన చేశాను, గుడ్డలు కుక్కాను, మందు సూది పొడిచాను. రక్తం కొంచెం నిదానించింది. అప్పటికి ఆ మనిషిలో నిదానించడానికి ఎక్కువ మిగల్లేదు. నన్ను గుర్తుపట్టింది. "మందులమ్మా" అంది. నీళ్లు అడిగింది. ఇచ్చాను. చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. దీపాలు పెట్టే వేళకి పోయింది.

నేను బయటికొచ్చి వాకిట్లో నిలబడ్డాను. గెడ్డ వైపు నుంచి మావారు నడిచి వస్తున్నారు. చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి. దాదాపు పరుగున వస్తున్నారు. దూరం నుంచే మాట అందుకున్నారు.

"దొరికిందే! మాగ్నెటో వేడెక్కితేనే ఆగిపోతంది. ప్లగ్గు విప్పకుండా ముందు దాని మీద చెయ్యేసి సూసినాను. కాలిపోతంది. ఉత్తరీయం రోడ్డు పక్క ఊటలో తడిపి, పిండి, దాన్నొకటే సల్లార్చినాను. రొండోదేదీ ముట్టుకోనేదు. ఎంటనే లేసింది. మళ్లీ వేడెక్కనిచ్చినాను, మళ్లీ ఆగింది. మళ్లీ తడిగుడ్డ, మళ్లీ..."

నా ముఖం చూశారు. ఆ మాట అక్కడే ఆగిపోయింది. గుడిసెలోంచి అప్పుడే ఏడుపు మొదలైంది.

ఆ రాత్రి మేం ఊళ్లోనే ఉన్నాం. ఒకావిడ అంబలి తెచ్చి పెట్టింది. అతను మా దగ్గరకు రాలేదు.

కిందికి దిగాక మావారు దొరగారి దగ్గరకు వెళ్లి అంతా చెప్పారు. మాగ్నెటో లోపలి సన్నటి రాగితీగ చుట్టలకు లక్కలాంటి పూత ఉంటుంది. అది వేడికి మెత్తబడి ఎక్కడో తీగకు తీగ తగులుతోంది. చల్లబడితే విడిపోతోంది. కార్ఖానాలో చల్లగా ఉండగా చూశారు గనక వాళ్లకు దొరకలేదు. మైదానంలో గాలి తగులుతూ పోతుంది గనక దొరగారికి దొరకలేదు. మెల్లగా, బరువు మీద ఘాటీ ఎక్కితేనే అంత వేడి పుడుతుంది. బల్ల మీద సుద్దముక్కతో గీసి చూపించారు. నేను వాకిట్లోంచి వింటున్నాను. ఇంత స్పష్టంగా ఆయన బడిలో కూడా చెప్పి ఉండరు.

దొరగారు ఆ పడుచు కోసం ప్రార్థన చేశారు. తర్వాత, "నేను మీతో కూడ వచ్చెదను. చూచెదను," అన్నారు.

ఏవో సభలు, పండగ పనులు వచ్చి ఆ ప్రయాణం వాయిదా పడుతూ పోయింది. క్రిస్మస్ దాటాక వెళ్లారు. ఘాటీ అంతా మంచు పట్టి ఉంది. చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి. మావారు తొక్కారు, సైడుకారులో దొరగారు కూర్చున్నారు. నేను వెళ్లలేదు. సాయంత్రం బండి చప్పుడు విని వాకిట్లోకి వచ్చాను. మావారి నడక చూడగానే తెలిసిపోయింది. పైదాకా పోయి వచ్చారు. ఒక్కసారి కూడా ఆగలేదు.

"సలిగా ఉందండీ, ఈ సలికి వేడెక్కదండీ అని సెప్పినాను. ఎండల్లో ఇంకోసారి రండి అన్నాను," అన్నారు ఇంటికొచ్చాక.

"ఏటన్నారు?"

"నా బుజమ్మీద సెయ్యేసినారు. నువ్వు అలిసిపోయినావు, విశ్రమించుము అన్నారు."

ఆ తర్వాత నెలలో బండిని మిషను వాళ్ల వేరే ఊరికి పంపేశారు. సముద్రానికి దగ్గరగా, ఎటు చూసినా సమంగా ఉండే ఊరు. దాన్ని తీసుకుపోవడానికి వచ్చిన కుర్రపాదిరికి మావారు తడిగుడ్డ సంగతి చెప్పబోయారు. అతను మర్యాదగా విన్నాడు. అక్కడ అది చాలా ఏళ్లు బాగా నడిచిందని విన్నాం. నాకు ఆశ్చర్యం కలగలేదు.

నేను ఎడ్లబండిలో కొండెక్కడం మొదలుపెట్టాను, కుదిరినప్పుడు. వారం వారం కుదిరేది కాదు. నేను వచ్చే వారం వాళ్లు రారు, వాళ్లు వచ్చే వారం నేను ఉండను. రెండు చలిజ్వరాలు నన్ను పడేశాయి. మావారు బడికి పోయేవారు, వచ్చేవారు. సాయంత్రాలు అరుగు మీద కూర్చుని రోడ్డు చూసేవారు. పిల్లలు లెక్క తప్పు చేస్తే ఎక్కడ తప్పిందో వాళ్ల చేతే వెతికించేవారు ఒకప్పుడు. ఇప్పుడు తప్పును కొట్టేసి సరైన జవాబు తనే రాసి ఇచ్చేస్తున్నారని తోటి మాస్టారొకాయన నాతో అన్నాడు. ఇంట్లో గడియారం ఆగితే విప్పలేదు. నేనే సెలవిమ్మని అడిగి, ఒక వారం ఆయన్ని మా అత్తవారి ఊరు తీసుకువెళ్లాను. అక్కడ కూడా అరుగు మీదే కూర్చున్నారు.

మరుసటి ఏడు కొండ మీది మందుల అరుగు ఎత్తేద్దామని మిషను వాళ్లు నిర్ణయించారు. అక్కడ వదిలేసిన సీసాలూ, త్రాసూ, పీటలూ దింపుకురావాలి. ఈసారి మావారు నాతో వస్తానన్నారు. ఎడ్లబండిలో వెళ్లాం. ఏ మలుపు వచ్చినా ఆయన బయటికి చూడలేదు.

సంత నిండుగా ఉంది. షావుకారు కొట్టు ముందు మేం సామాను సర్దుతుంటే ఆ పడుచు మొగుడు కనిపించాడు. పసుపు తట్ట ముందు కూర్చుని ఉన్నాడు. పక్కన కొత్త పెళ్లాం. చిన్న పిల్ల. నన్ను చూసి లేచి దణ్ణం పెట్టాడు. నేను అతని పసుపు కొంటానంటే కాగితంలో ఊరికే పొట్లం కట్టి చేతిలో పెట్టాడు. మావారు అక్కడే నిలబడి ఉన్నారు.

"ఆ బండేటైనాది బాబూ?" అన్నాడతను.

"వేరే ఊరికి ఇచ్చేసినారు."

"నడస్తందా?"

"నడస్తందట."

అతను కొంచెంసేపు ఆలోచించాడు. "మా కొండ దానికి పడనేదు కావాల," అన్నాడు. ఆ మాటలో కోపం లేదు.

మావారు నోరు తెరిచారు. తీగచుట్ట, లక్కపూత, వేడి, అన్నీ ఆయన గొంతు దాకా వచ్చాయని నాకు తెలుసు. చెబుతారని చూశాను. చెబితే బాగుండునని కూడా అనుకున్నాను. "అంతే అయ్యుంటాది," అన్నారు.

బండివాడు ఎడ్లను కట్టి కేకేశాడు. పీటలు పైన, సీసాల పెట్టె గడ్డిలో పెట్టించి ఎక్కాం. ఘాటీ సగం దిగేసరికి వాన పట్టుకుంది. ఆయన తన ఉత్తరీయం తీసి సీసాల పెట్టె మీద కప్పి, తడుస్తూ కూర్చున్నారు.